కోర్టు మెట్ల మీద మైకు

2025 జూన్ 30 ఉదయం పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగిన కొద్ది గంటల్లోనే టీవీ తెరల మీద ‘రియాక్టర్ పేలింది’ అన్న మాట తిరగడం మొదలైంది. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం వైపు ఫ్యాక్టరీ అంటే మందుల కంపెనీ, ప్రమాదమంటే రియాక్టర్ అని జనం నోట నానిపోయింది కాబట్టి ఆ మాటను ఎవరూ ఆగి చూడలేదు. రెండు రోజుల తర్వాత కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు రాసిన లేఖలో, ఈ ప్రమాదానికి రియాక్టర్ పేలుడు కారణం కాదని చెప్పింది. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ అనే పొడి. అనుమానం ఆ పొడిని ఆరబెట్టే స్ప్రే డ్రయ్యర్ వైపు మళ్లింది. చివరికి 46 మంది చనిపోయినట్టు తేలింది. మరో 8 మంది ఆనవాళ్లే దొరకలేదు. అంతటి విషాదం ముందు రియాక్టరా, డ్రయ్యరా అన్నది చాలా చిన్న తేడాగా కనిపిస్తుంది. విలేకరి మర్నాడు సవరణ వేసుకుంటే సరిపోతుంది కూడా. బాధితుల తరఫున వకాల్తా వేసిన న్యాయవాది అదే మాటను, దానికి ‘తెలిసి తెలిసీ చంపేశారు’ అన్న ముక్క కూడా తగిలించి కెమెరా ముందు అని ఉంటే, ఎదుటి పక్షం వకీలు ఆ క్లిప్‌ను భద్రంగా దాచుకునేవాడు.

ఈ అధ్యాయం సంగారెడ్డి, పటాన్‌చెరు కోర్టుల్లో ప్రాక్టీసు మొదలుపెట్టిన యువ న్యాయవాదుల కోసం. ఇందులో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: కేసు గురించి బయట అనబోయే ప్రతి మాటా ముందు ఫైలులోకి ఎక్కాలి. పిటిషన్‌లోనో, అఫిడవిట్‌లోనో, కోర్టు ఉత్తర్వులోనో ఉన్న సంగతిని బయట చెప్పినప్పుడు చట్టం మీకు కొంతవరకైనా అండగా నిలుస్తుంది. ఫైలులో లేనిది బయట చెప్పినప్పుడు మీరు ఒంటరి. ఇది పిరికి సలహాగా వినిపిస్తుందని నాకు తెలుసు. బలమైన పరిశ్రమల మీద బలహీనుల తరఫున పోరాడే న్యాయవాదికి దీనికి మించిన ఆయుధం లేదని నా నమ్మకం. ఎందుకో చూద్దాం.

కోర్టు హాల్లో న్యాయవాది నోటికి ఉన్న స్వేచ్ఛ చాలా పాతది. 19వ శతాబ్దం చివర్లోనే మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ సల్లివన్, నార్టన్ కేసులో, వృత్తి ధర్మంగా కోర్టులో అన్న మాటలకు న్యాయవాదిపై చర్య చెల్లదంది. 1926లో అదే హైకోర్టు మరో ఫుల్ బెంచ్ క్రిమినల్ పరువునష్టం విషయంలో కాస్త వెనక్కి తగ్గి, శిక్షాస్మృతిలో రాసి ఉన్న మినహాయింపులే తప్ప ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న సంపూర్ణ రక్షణ ఇక్కడ వర్తించదంది. అయినా, క్లయింటు చెప్పిన సమాచారంతో సదుద్దేశంతో వాదించిన వకీలును కోర్టులు మామూలుగా కాపాడుతూనే వచ్చాయి. ఈ రక్షణ దక్కేది కోర్టు పనిలో భాగంగా అన్న మాటకే. వాదన ముగించి వరండాలోకి వచ్చి, గేటు దగ్గర ‘సార్, ఒక్క బైట్’ అన్న పిలుపుకు ఆగారంటే మీరు మామూలు పౌరులే. పది నిమిషాల కింద జడ్జి ముందు అన్న వాక్యాన్నే అక్కడ అక్షరం పొల్లుపోకుండా అన్నా, చట్టం దాన్ని మరో మాటగానే చూస్తుంది.

ఆ మామూలు పౌరుడికి వర్తించేది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. పాత ఐపీసీ 499, 500 సెక్షన్లు 2024 జులై 1 నుంచి ఇందులోకి వచ్చాయి. రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా, రెండూ, లేదా కొత్తగా చేరిన సమాజసేవ శిక్ష. క్రిమినల్ పరువునష్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయాలన్న సవాలును 2016 మేలో సుబ్రమణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఈ సెక్షన్‌లో పారిశ్రామికవాడ వకీలు మూడు చోట్ల ఆగి చదవాలి. మొదటిది, కంపెనీకి కూడా పరువుంటుందని వివరణలోనే ఉంది. ‘కంపెనీ అంటే మనిషి కాదు కదా’ అన్న బార్ రూమ్ ధీమాకు ఆధారం లేదు. రెండోది, కోర్టు కార్యకలాపాలను ఉన్నదున్నట్టు నివేదించడం నేరం కాదన్న నాలుగో మినహాయింపు. మూడోది, చాలామంది పొరబడే ఐదో మినహాయింపు. కేసు మంచిచెడ్డల మీద, సాక్షుల ప్రవర్తన మీద సదుద్దేశంతో అభిప్రాయం చెప్పవచ్చని అది అంటుంది. అయితే ఆ కేసు కోర్టు తేల్చేసినదై ఉండాలి. నడుస్తున్న కేసులో ‘ఆ సాక్షి అమ్ముడుపోయాడు’ అన్న న్యాయవాదికి ఐదో మినహాయింపు అక్కరకు రాదు.

‘నిజమే చెప్పాను కదా, నాకేం భయం?’ అన్నది దీనికి మొదట వచ్చే అభ్యంతరం. సివిల్ దావాలో నిజం గట్టి రక్షణే. క్రిమినల్ కేసులో నిజంతో పాటు ప్రజాహితం కూడా ఉండాలి, ఆ రెండూ రుజువు చేసే భారం మాట అన్నవాడిదే. మీకు నిజమని తెలియడం ఒక సంగతి, మీ చేతిలో ఉన్న కాగితాలతో దాన్ని రుజువు చేయగలగడం ఇంకొక సంగతి. ఇక సదుద్దేశం. చట్టం దృష్టిలో సదుద్దేశానికి మంచి మనసు చాలదు, తగిన జాగ్రత్త, శ్రద్ధ తీసుకుని ఉండాలి. రియాక్టర్, డ్రయ్యర్ తేడా చిన్నది కాదన్నది ఇక్కడే తెలుస్తుంది. ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందో కూడా కనుక్కోకుండా మాట్లాడారని ఎదుటి వకీలు క్రాస్‌లో అడిగితే, మీ ఆవేదన ఎంత నిజమైనదైనా ‘తగిన జాగ్రత్త’ అన్న మాట దగ్గర మీ కాలు జారుతుంది. అదే విషయాన్ని సమాచార హక్కు కింద తెచ్చుకున్న ఫ్యాక్టరీల శాఖ తనిఖీ నివేదికనో, సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన ఉత్తర్వునో పిటిషన్‌కు జతచేసి ‘ఫలానా పేజీలో ఇలా ఉంది’ అని చెప్పినప్పుడు, జాగ్రత్త తీసుకున్నట్టు ఆ కాగితమే సాక్ష్యం.

నిజం అన్న రక్షణ అసలు పనిచేయని చోటు మరొకటి ఉంది. పరువునష్టం కన్నా ముందు న్యాయవాది భయపడవలసింది దాని గురించే అంటాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో 36వ నియమం, వకీలు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పని కోసం ప్రచారం చేసుకోకూడదంటుంది. దళారులు, కరపత్రాలు, ప్రకటనలతో పాటు, తాను పనిచేస్తున్న కేసుల గురించి పత్రికలకు వ్యాఖ్యలు అందించడం, ఆ కేసుల విషయంలో తన ఫొటో అచ్చయ్యేలా చూసుకోవడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వ్యాఖ్య నిజమా అబద్ధమా అన్న ప్రశ్న ఆ నియమంలో లేదు. 2008లో సవరించి సొంత వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, అర్హతల వంటి వివరాలు పెట్టుకోనిచ్చారు, అంతే. 2024 జులైలో మద్రాసు హైకోర్టు ఆన్‌లైన్ పోర్టళ్ల ద్వారా కేసులు రాబట్టుకునే పద్ధతిని గట్టిగా తప్పుబట్టింది. 2025 మార్చి 17న బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సోషల్ మీడియా ప్రచారాల మీద, వీడియోల మీద మళ్లీ హెచ్చరిక జారీ చేసింది. ఆ నియమం నిషేధించేది పని అడుక్కోవడాన్నే గానీ క్లయింటు తరఫున వివరణ ఇవ్వడాన్ని కాదు అని వాదించేవారున్నారు. పాఠాన్ని బట్టి ఆ వాదనలో బలం ఉంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కాకపోతే ఆ వాదన వినిపించవలసి వచ్చేది క్రమశిక్షణా సంఘం ముందు నిలబడినప్పుడు. 1961 నాటి న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద మందలింపు నుంచి సనద్ రద్దు దాకా విధించగల సంఘం అది.

‘రోజూ రాత్రి టీవీల్లో పెద్ద పెద్ద లాయర్లు తమ కేసుల గురించే మాట్లాడుతున్నారు, వాళ్లనెవరు అడిగారు?’ నిజమే, ఆ నియమం సమానంగా అమలు కావడం లేదు. అది మన వృత్తికి సిగ్గుచేటు. అయినా అసమానత ఎటు వాలుతుందో చూడండి. బార్ కౌన్సిల్ చాలావరకు ఎవరో ఫిర్యాదు చేస్తేనే కదులుతుంది. ఎవరి మీద ఫిర్యాదు పెట్టాలో ఎంచుకునేది ఓపిక, డబ్బు ఉన్న ఎదుటి పక్షం. ఢిల్లీ సీనియర్ మీద ఫిర్యాదు పెట్టి అతని జోలికి వెళ్లే సాహసం వాళ్లు చేయరు. సంగారెడ్డి బార్‌లో మూడేళ్ల ప్రాక్టీసు ఉన్న వకీలు దొరికితే, కేసులోని బలహీనతకు బదులు వకీలు బలహీనత మీద దెబ్బకొట్టే వీలుంటుంది. అందరూ చేస్తున్నారన్నది క్రమశిక్షణా సంఘం ముందు జవాబు కాలేదు. ఎంత పేరున్న కేసైనా మినహాయింపు లేదనడానికి ఉదాహరణ కావాలంటే, 2015 మార్చిలో నిర్భయ కేసు దోషుల తరఫు న్యాయవాదులిద్దరికి ఒక డాక్యుమెంటరీలో అన్న మాటల మీద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా షోకాజ్ నోటీసులిచ్చింది.

ఇంతవరకు వకీలుకు వచ్చే నష్టం గురించి. క్లయింటుకు వచ్చే నష్టం అంతకన్నా పెద్దది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. క్లయింటు వృత్తిరీత్యా చెప్పిన సంగతి అతని స్పష్టమైన అనుమతి లేకుండా బయటపెట్టకూడదని పాత సాక్ష్యాధారాల చట్టం 126వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడది భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్. వకాల్తా ముగిసినా ఆ బాధ్యత ముగియదు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఈ వాడల్లో పనిచేస్తూ చనిపోయిన కార్మికుల కుటుంబాలను తలచుకోండి. భర్త కాంట్రాక్టరు కింద ఏ పేరుతో నమోదై ఉన్నాడు, ఈఎస్‌ఐ కార్డు ఉందా, ఇంటి దగ్గర వారసత్వపు గొడవలేమైనా ఉన్నాయా, కంపెనీ ఇస్తానన్న మొత్తానికి మనసులో ఒప్పుకుంటున్నారా లేదా అన్నవన్నీ వాళ్లు వకీలుకు నమ్మి చెప్పే సంగతులు. ‘కోటి రూపాయలు ఇచ్చేదాకా కదిలేది లేదు’ అని వకీలు మైకులో గర్జిస్తే, అంతకన్నా తక్కువకు, కానీ వెంటనే చేతికందేలా తేల్చుకోవాలనుకుంటున్న విధవ దారి మూసుకుపోతుంది. ‘తేల్చుకోవడానికి సిద్ధమే’ అంటే బేరంలో ఉన్న కాస్త పట్టూ పోతుంది. రెండు మాటల్లో ఏదన్నా క్లయింటు చేతిలోని నిర్ణయాన్ని లాక్కున్నట్టే. కొందరు ‘మా పార్టీయే మాట్లాడమన్నాడు’ అంటారు. దవాఖాన మార్చురీ దగ్గర, తెలుగు సరిగా రాని మనిషి తల ఊపడం చట్టం కోరే స్పష్టమైన అనుమతి కాదు. అర్థమయ్యే భాషలో రాయించుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి, క్లయింటు రాసిచ్చినా 36వ నియమం నుంచి మీకు విడుదల దొరకదు. అది క్లయింటు వదులుకోగల హక్కు కాదు, వృత్తి మీకు పెట్టిన కట్టడి.

ఇక అసలైన అభ్యంతరం. పారిశ్రామికవాడలో వకీలు నోరు కట్టేసుకుంటే కంపెనీయే గెలుస్తుంది, ప్రజల్లో అలజడి లేకపోతే ఏ ఫైలూ కదలదు అన్నది. దీన్ని తేలిగ్గా కొట్టేయలేం. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో రిట్ వేసింది 1990లో. కేసు తర్వాత హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నడిచి, ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2017. ఒక తరం రైతులు నక్కవాగు, ఇసుకవాగు పొంటి పొలాలు పోగొట్టుకుంటూ ముసలివాళ్లయ్యారు. అన్నేళ్లు ఆ సమస్య వార్తల్లో బతికి ఉండకపోతే ఆ కేసు ఏ మూలనో పడి ఉండేదన్న మాటలో నిజం ఉంది.

అయితే ఆ సమస్యను వార్తల్లో బతికించిందెవరో చూడండి. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు, ఊళ్ల రైతులు, పర్యావరణ కార్యకర్తలు, విలేకరులు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే పటాన్‌చెరు ఎన్విరో టెక్ ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన లెక్క అది. పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా వినపడింది ఆ కొలతతో. కోర్టులో పనిచేసినవీ కొలతలే: నీటి నమూనాలు, నిపుణుల నివేదికలు, పంటనష్టం మీద సంగారెడ్డిలోని జిల్లా జడ్జి చేత చేయించిన విచారణ. ఈ మొత్తం కథలో వకీలు బైట్ వల్ల ఒక్క అడుగు ముందుకు పడినట్టు నాకు కనిపించదు. డాక్టరుకు, రైతుకు, శాస్త్రవేత్తకు 36వ నియమం లేదు, రహస్యం కాపాడాల్సిన క్లయింటు లేడు. మాట్లాడే పని వాళ్లది. వాళ్ల మాటను కోర్టు పట్టించుకోక తప్పని కాగితంగా మార్చడం వకీలు పని. ఆ పనిని మరెవరూ చేయలేరు కాబట్టే వకీలు దాన్ని మైకు కోసం వదిలేయకూడదు.

సిగాచీ విషయంలోనూ జరిగిందదే. విశ్రాంత శాస్త్రవేత్త బాబూరావు హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. దర్యాప్తు ఎందుకింత నెమ్మదిగా సాగుతోందని ధర్మాసనం ప్రభుత్వాన్ని నిలదీసినప్పుడు ఆ వార్త అన్ని పత్రికల్లోనూ వచ్చింది. అదే నిందను ఒక వకీలు గేటు దగ్గర వేసి ఉంటే ఒకరోజు వార్త, ఆ తర్వాత లీగల్ నోటీసు. ఫైలు మీద ఉన్న సంగతిని చూసి ధర్మాసనం అడిగితే అది కోర్టు కార్యకలాపం. దాన్ని ఉన్నదున్నట్టు రాసిన పత్రికకూ, చెప్పిన వకీలుకూ నాలుగో మినహాయింపు గొడుగు పడుతుంది. మైకు కోరుకునే వాళ్లకు కూడా దగ్గరి దారి కోర్టు హాల్లోంచే ఉందన్నమాట.

బయటి మాటకూ కోర్టు మాటకూ మధ్య దూరం పెరిగితే ఏమవుతుందో అమెరికాలో న్యాయవాది రూడీ గిలియానీ చూపించాడు. 2020 ఎన్నికల తర్వాత ప్రెస్‌మీట్లలో మోసం, మోసం అని మోగించిన మనిషి, నవంబరు 17న పెన్సిల్వేనియా ఫెడరల్ కోర్టులో జడ్జి అడిగేసరికి ఇది మోసం కేసు కాదని ఒప్పుకున్నాడు. ఆ ఎన్నికల గురించి ప్రజలకూ, కోర్టులకూ చెప్పిన అబద్ధాలకు 2021లో న్యూయార్క్ లైసెన్సు సస్పెండ్ అయింది, 2024లో పూర్తిగా పోయింది. పరువునష్టం కేసులో ఇద్దరు ఎన్నికల సిబ్బందికి 14.8 కోట్ల డాలర్లు కట్టాలని 2023 డిసెంబరులో జ్యూరీ తేల్చింది. వకీలు నోట రెండు రకాల మాటలు వస్తున్నాయంటే, జడ్జి వింటుంటే అనలేని మాటే అబద్ధమని ఎవరైనా అనుకుంటారు.

‘ఫైలులో పెడితే ఏదైనా చెల్లుతుందన్నమాట’ అని తేల్చేసుకోకండి. ఇటీవలి తెలంగాణ హైకోర్టు కేసులోనే ఆ పాఠం ఉంది. ఒక కేసును బదిలీ చేయమని సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్‌లో హైకోర్టు న్యాయమూర్తి మీద నిందలు రాసినందుకు, 2025 జులైలో సుప్రీంకోర్టు కక్షిదారుకే కాక సంతకం చేసిన న్యాయవాదులకు కూడా ధిక్కార నోటీసులిచ్చింది. ఆగస్టులో వాళ్లు హైకోర్టుకు వెళ్లి ఆ న్యాయమూర్తికే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. 1955 నాటి ఎం.వై. షరీఫ్ కేసు నుంచి ఈ సూత్రం స్థిరంగా ఉంది: క్లయింటు చెప్పాడని సంతకం పెట్టి చేతులు దులుపుకునే వీలు లేదు, ఆధారం ఉందో లేదో చూసుకోవాల్సింది వకీలే. బయట అన్న మాటకైతే చెప్పనక్కర్లేదు. రెండు ట్వీట్లకు 2020 ఆగస్టులో ప్రశాంత్ భూషణ్ ధిక్కార దోషిగా తేలారు. జరిమానా ఒక్క రూపాయే, కానీ దానికోసం దేశంలోని పెద్ద న్యాయవాదులు వారాలపాటు వాదించాల్సి వచ్చింది. అంత బలగం మనకు ఉండదు.

ఇదంతా బాధితుల వకీళ్లకే అనుకుంటే పొరపాటు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ కంపెనీ వైపు నుంచి ‘మానవ తప్పిదం’ అన్న మాట వినిపిస్తుంది. పేలుడులో చనిపోయిన ఆపరేటరే వాల్వు తిప్పడం మరిచాడని కంపెనీ వకీలు విలేకరులకు లీకిస్తే, చనిపోయినవారి మీద వేసే నింద కూడా బంధువుల మనసు నొప్పించేందుకు ఉద్దేశించినదైతే పరువునష్టమేనని 356వ సెక్షన్ మొదటి వివరణ చెబుతోంది. కంపెనీ షేరు మార్కెట్లో నమోదైనదైతే మరో తంటా. బయటికి రాని కీలక సమాచారం తెలిసిన వకీలు కూడా 2015 సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల పరిధిలోకి వస్తాడు. వాట్సాప్ గ్రూపులో వేసిన ఒక్క లైను చాలు.

రోజువారీ పనిలో ఎక్కువ ముంచేది లీగల్ నోటీసు. బాధితుల తరఫున కంపెనీకి నోటీసు రాసి, కింద ‘కాపీ టు’ అని పదిమంది పేర్లు పెట్టడం మన దగ్గర అలవాటు. ఆ పదిమందీ చట్టం దృష్టిలో ఒకటి కాదు. కాలుష్య మండలికో, ఫ్యాక్టరీల శాఖకో, కలెక్టరుకో పంపిన కాపీకి, అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుగా ఎనిమిదో మినహాయింపు వర్తిస్తుంది. కంపెనీ సరుకు కొనేవాళ్లకు, బ్యాంకుకు, పత్రికలకు పంపిన కాపీకి ఆ రక్షణ ఉండదు. నోటీసులో ఉన్న ప్రతి వాక్యమూ మీ సంతకంతో మూడో వ్యక్తికి చేరినట్టే. ‘నా క్లయింటు సూచనల మేరకు’ అన్న మొదటి వాక్యం ఆ సంతకాన్ని చెరపదు. పరిహారం చెక్కు అందుకున్న కుటుంబంతో దిగిన ఫొటోను స్టేటస్‌గా పెట్టుకోవడమూ అంతే. అది 36వ నియమం పేరు పెట్టి చెప్పిన తప్పు. పోక్సో, అత్యాచార కేసుల్లో బాధితుల గుర్తింపు తెలిసే చిన్న వివరమైనా బయటపెట్టడం వేరే నేరం, దానికి సదుద్దేశం కూడా అడ్డుపడదు.

మరి ఏం మాట్లాడవచ్చు? చాలానే ఉంది. పిటిషన్ ఏం కోరిందో, ఇవాళ కోర్టు ఏం ఉత్తర్వు ఇచ్చిందో, తర్వాతి వాయిదా ఎప్పుడో చెప్పవచ్చు. ‘ఫలానా తనిఖీ నివేదికను మేం కోర్టు ముందు పెట్టాం, దాని మీద వాళ్లు కౌంటరు వేయాల్సి ఉంది’ అన్న వాక్యంలో విలేకరికి వార్త ఉంది, మీకు ప్రమాదం లేదు. అదే నివేదిక గురించి ‘వాళ్ల బండారం బయటపెట్టాం’ అంటే వార్త పెరగదు, ప్రమాదం పెరుగుతుంది. వేసిన పిటిషన్ ప్రతిని అదే మధ్యాహ్నం గ్రూపుల్లో పంచకండి. కోర్టు చేపట్టిన తర్వాత, కోర్టులో జరిగినదాన్ని చెప్పండి. సివిల్ కేసు ప్లెయింటు దాఖలైనప్పటి నుంచి, క్రిమినల్ కేసు చార్జిషీటు దాఖలైనప్పటి నుంచి లేదా కోర్టు సమన్లు, వారెంటు జారీ చేసినప్పటి నుంచి ధిక్కార చట్టం దృష్టిలో పెండింగ్‌లో ఉన్నట్టే. మీ కేసులు కాని విషయాల్లో చట్టం వివరించడానికి అడ్డు లేదు. ప్రమాదంలో చనిపోతే పరిహారం ఎక్కడ అడగాలి, కాంట్రాక్టు కార్మికుడికి ఈఎస్‌ఐ ఎలా వర్తిస్తుంది, సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి అని కార్మికుల సభలో చెప్పే వకీళ్లు ఈ వాడలకు చాలామంది కావాలి. మాట్లాడాలన్న తపన ఉన్నవాళ్లు ఆ తపనంతా అటు మళ్లించండి. చివర్లో మీ ఫోన్ నంబరు మాత్రం చెప్పకండి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా పరువునష్టం నోటీసు రావచ్చు. బెదిరించడానికే వేసే దావాలు ఉన్నాయని సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్, జీ కేసులో, విచారణ జరగకముందే ప్రచురణను ఆపేసే ఉత్తర్వులు ఆషామాషీగా ఇవ్వకూడదని కింది కోర్టులను హెచ్చరించింది. నోటీసు వచ్చిన రోజే ప్రెస్‌మీట్ పెట్టి జవాబు చెప్పకండి. మీరు అన్న మాట పూర్తి రికార్డింగు, దానికి ఆధారమైన ఫైలు పేజీ, క్లయింటు రాతపూర్వక అనుమతి ఒకచోట చేర్చి, ఆ కేసుతో సంబంధం లేని మరో వకీలు చేత జవాబు రాయించండి. సివిల్ దావాకు గడువు మాట బయటికొచ్చిన నాటి నుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. తేదీలు మొదట చూసుకోండి. ఫిర్యాదు మేజిస్ట్రేటు దగ్గరికి వెళితే, కాగ్నిజెన్సు తీసుకునే ముందే నిందితుడి మాట వినాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ చెబుతోంది. ఆ రోజు మీ కాగితాలన్నీ తీసుకుని వెళ్లండి. పాత సీఆర్‌పీసీలో ఈ అవకాశం ఉండేది కాదు.